అయిదు చెంచాల నూనె

భోగాపురం చుట్టుపక్కల బౌలింగ్ అన్న మాట వినగానే ఎవరి కళ్లముందైనా మెదిలేది క్రికెట్టే. సరుగుడు తోట పక్కన ఖాళీ జాగా, మూడు కర్రలు, ఒక రబ్బరు బంతి. నాకూ అంతే. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కొడుకు ఒక రాత్రి ఫోన్ చేసి, "చిన్నాన్నా, మా లీగ్‌లో మూడో గేముకొచ్చేసరికి లేన్ ఎండిపోతంది. బంతి నా మాట ఇనడం మానేస్తంది" అన్నాడు. నున్నటి చెక్క బాట మీద బరువైన బంతిని దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఆట వాడిది. ఆ బాట మీద నూనె పూస్తారని, ఆ నూనె ఆరిపోతే ఆటే మారిపోతుందని నాకు తెలిసింది అప్పుడే.

ఆ రాత్రి నుంచి వాడు చెప్పినవీ, నేను వెతికి తెలుసుకున్నవీ ఏరి ఇక్కడ పెడుతున్నాను. కొన్ని అమెరికావి, కొన్ని విశాఖవి, ఒకటి ఈజిప్టుది.

రెండు గీతల దూరం

క్రికెట్ పిచ్ మీద వికెట్లకీ వికెట్లకీ మధ్య 22 గజాలు, అంటే 66 అడుగులు. బౌలర్ ముందుకాలు వేసే క్రీజు నుంచి అవతలి వికెట్ల దాకా లెక్కేస్తే 62 అడుగులు. టెన్‌పిన్ బౌలింగ్‌లో ఆడేవాడు దాటకూడని గీత, ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు. రెండు ఆటలూ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు దారుల్లో పెరిగాయి. బంతి వదిలిన చోటికీ పడగొట్టాల్సిన చోటికీ మధ్య దూరం మాత్రం ఇంచుమించు ఒకటే!

తేడా బరువులో ఉంది. క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు. బౌలింగ్ బంతి 16 పౌండ్ల దాకా, అంటే ఏడుంపావు కిలోల దాకా ఉండొచ్చు. ఒక్క బౌలింగ్ బంతికి నలభై అయిదు క్రికెట్ బంతులు తూగుతాయి. వెడల్పులోనూ తేడా ఉంది. పిచ్ 10 అడుగులైతే లేన్ మూడున్నర అడుగుల లోపే, 41.5 అంగుళాలు. అందులో 39 పలకలు పక్కపక్కనే ఉంటాయి. ఇప్పుడు చాలాచోట్ల చెక్క పోయి సింథటిక్ లేన్లు వచ్చినా, వాటి మీద కూడా ఆ 39 పలకల గీతలు వేస్తూనే ఉన్నారు. ఆడేవాడు గురి చూసేది వాటినే కదా.

నూనె ఎంత?

ఒక లేన్‌కి పూసే నూనె మొత్తం కలిపి సుమారు 20 నుంచి 30 మిల్లీలీటర్లు. వంటింట్లో తాలింపుకు వాడే చిన్న చెంచాతో కొలిస్తే అయిదు చెంచాలు, అటూ ఇటూగా. ఆ కాస్త నూనెని ఒక యంత్రం మైక్రాన్లలో కొలిచేంత పల్చటి పొరగా పరుస్తుంది. కంటికి కనపడదు. దూరం నుంచి చూస్తే లేన్ అంతా ఒకే మెరుపు.

ఆ నూనెని లేన్ పొడవునా పూయరు. మామూలుగా 38 నుంచి 42 అడుగుల దాకా పూసి ఆపేస్తారు. మిగిలిన చివరి ఇరవై అడుగులూ పొడి. అడ్డంగా చూసినా అంతటా సమానంగా ఉండదు. సరదాగా ఆడేవాళ్ల కోసం, మామూలు లీగ్‌ల కోసం పూసే పద్ధతిలో నడుమ దట్టంగా, అంచుల్లో పల్చగా వేస్తారు. బంతి కాస్త బయటికి పోతే పొడి అంచు పట్టుకుని లోపలికి తెస్తుంది. లోపలికి పోతే నూనె మీద జారి తిన్నగా వెళ్తుంది. పొరపాటు చేసినా లేన్ సర్దుకుంటుందన్నమాట. పెద్ద పోటీల్లో ఈ తేడా బాగా తగ్గించేస్తారు. అక్కడ లేన్ ఎవరినీ క్షమించదు.

మొదట చెక్క కోసం, తర్వాత ఆట కోసం

నూనె పూయడం మొదలైంది ఆట కోసం కాదు, చెక్కను కాపాడుకోవడానికి. పాత లేన్లలో బంతి పడే ముందు భాగానికి గట్టి మేపుల్ చెక్క, నడుమ మెత్తటి పైన్ చెక్క, పిన్నులు నిలబడే చోట మళ్లీ మేపుల్ వాడేవారు. ఏడు కిలోల బంతి రోజంతా అదే చోట పడి రాసుకుంటూ పోతే ఏ చెక్కయినా అరిగిపోతుంది. అందుకే నూనె.

ఇది చదివినప్పుడు నాకు మా తాతగారి ఎడ్లబండి గుర్తొచ్చింది. బండి కింద వేలాడే వెదురు గొట్టంలో కందెన ఉండేది. ఆముదంలో మసి కలిపి చేసిన ఆ నల్లటి ముద్దని ఇరుసుకు రాయందే ఆయన బండి కట్టేవాడు కాదు. "ఇరుసెండిపోతే బరువంతా ఎద్దు మీద పడతాదిరా" అనేవాడు. లేన్ మీద నూనె కూడా కందెనే. అది ఎండిపోతే బరువు పడేది బంతి మీద, దాన్ని విసిరే చెయ్యి మీద.

నూనె ఎటు పోతుంది?

లీగ్ రాత్రి ఒక జత లేన్ల మీద రెండు జట్లు ఆడతాయి. జట్టుకి అయిదుగురు చొప్పున పదిమంది, ఒక్కొక్కరు మూడేసి గేములు. గేముకి సగటున పదహారు, పదిహేడు విసుర్లు వేసుకోండి. రెండు లేన్ల మీదా కలిపి ఇంచుమించు అయిదు వందలు. అంటే ఒక్కో లేన్ మీద రెండు వందల యాభై సార్లు బంతి దొర్లుతుంది. అందులో ఎక్కువమంది కుడిచేతి వాటం వాళ్లే కాబట్టి అందరూ ఇంచుమించు ఒకే దారి తొక్కుతారు. పొలంగట్టు మీద జనం నడిచి నడిచి బాట పడ్డట్టు, నూనెలో బాట పడుతుంది.

పాత రోజుల్లో బంతులు నూనెను తాగేవి కావు. కొంచెం ముందుకు నెట్టేవి, అంతే. 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ బంతులు వచ్చాక పద్ధతి మారిపోయింది. వాటి పైపొరలో కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. లేన్ మీద నూనె ఆ రంధ్రాల్లోకి పోతుంది. ఆ బంతి లేన్‌ని గట్టిగా పట్టుకుంటుంది, బాగా మెలితిరుగుతుంది, పిన్నుల్ని చెల్లాచెదురు చేస్తుంది. కానీ ప్రతి విసురుకీ కాస్త నూనె ఎత్తుకుపోతుంది. లీగ్‌లో ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఆ బంతులే. అందుకే మా వాడి మాట అక్షరాలా నిజం. మొదటి గేము ఆడిన లేన్ వేరు, మూడో గేము ఆడే లేన్ వేరు.

తాగిన నూనె బంతిలోనే ఉండిపోతే కొన్నాళ్లకు బంతి మొద్దుబారిపోతుంది. అప్పుడు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఆ నూనెని బయటికి రప్పిస్తారు. నీళ్ల మీద తెట్టెలా తేలుతుంది.

బంతికి మూడు నడకలు

మెలి పెట్టి విసిరిన బంతి ముందు జారుతుంది, తర్వాత మలుపు తిరుగుతుంది, చివరికి తిన్నగా దొర్లుతుంది. నూనె మీద జారుడు, పొడి తగిలిన చోట మలుపు, పిన్నుల దగ్గర దొర్లుడు. ఈ మూడూ సరైన చోట జరిగితేనే స్ట్రైక్, అంటే ఒక్క విసురుకే పది పిన్నులూ పడటం.

నూనె ఆరిన లేన్ మీద జారుడు తగ్గిపోతుంది. మలుపు ముందే వచ్చేస్తుంది. అప్పుడు రెండే జరుగుతాయి. ఒకటి, బంతి మరీ ఎక్కువ తిరిగి మొదటి పిన్ను దాటి అవతలి పక్కకి పోతుంది. అమెరికావాళ్లు దీన్ని బ్రూక్లిన్ అంటారు. రెండోది మోసం చేసేది. బంతి ముందే తిరిగి, ముందే దొర్లడం మొదలుపెట్టి, పిన్నుల దగ్గరికి చేరేసరికి సత్తువ అయిపోయి ఉంటుంది. చూడ్డానికి సరిగ్గా తగిలినట్టే ఉంటుంది. మూలనున్న పదో పిన్ను మాత్రం కదలదు. ఆడినవాడు తన చెయ్యి తప్పిందేమో అనుకుని మరింత బలంగా మెలిపెడతాడు. అదే పెద్ద తప్పు. పొడి నేల మీద మెలి పెంచితే బంతి ఇంకా ముందే చచ్చిపోతుంది.

బంతి తాకేది నాలుగు పిన్నులనే

నిఖార్సైన స్ట్రైక్‌లో కుడిచేతివాటం ఆటగాడి బంతి స్వయంగా తాకేది నాలుగే పిన్నుల్ని: 1, 3, 5, 9. మిగతా ఆరింటినీ పిన్నులే పడగొట్టుకుంటాయి. ఒకటి రెండుని, రెండు నాలుగుని, నాలుగు ఏడుని పడేస్తాయి. మూడు ఆరుని, ఆరు పదిని. అయిదు ఎనిమిదిని. ఇదంతా జరగాలంటే బంతి సుమారు ఆరు డిగ్రీల వాలుతో లోపలికి రావాలి. లేన్ ఎండిపోయినప్పుడు సత్తువ పోయిన బంతి మూడో పిన్ను తగలగానే పక్కకి తొలగిపోతుంది. ఆరో పిన్ను మెత్తగా ఒరుగుతుంది, పదో పిన్ను నిలబడిపోతుంది.

తువ్వాలు చెప్పే సంగతి

పండక్కి వచ్చినప్పుడు మా వాడు నన్ను విశాఖలో ఒక మాల్‌కి తీసుకెళ్లాడు. అక్కడ నాలుగు లేన్లు. వాడు తన బంతి కూడా తెచ్చుకున్నాడు. మొదటి విసురు విసిరాక బంతి తిరిగొచ్చేదాకా ఆగి, రెండు చేతులతో ఎత్తి దీపం కిందకి తిప్పి చూపించాడు. నల్లటి బంతి మీద సన్నటి నూనె వలయాలు. ఒకటి కాదు, ఏడెనిమిది. విసనకర్ర మడతల్లాగా ఒక చోట దగ్గరయ్యి, మరో చోట విడిపోయి ఉన్నాయి. దొర్లే ప్రతి చుట్టుకీ బంతి కొత్త చోటుతో లేన్‌ని తాకుతుందట. అందుకే అన్ని వలయాలు. అక్కడ అద్దెకిచ్చే ప్లాస్టిక్ బంతిని దొర్లించి చూస్తే ఇంచుమించు ఒకటే వలయం.

వాడు తెల్లటి తువ్వాలుతో తుడిచాడు. తువ్వాలు మీద మరక పడింది, కానీ కొంచెమే. "చూసేవా చిన్నాన్నా, మరక పల్చగా ఉంది. పొద్దున్నెప్పుడో వేసిన నూనె ఇది" అన్నాడు. పదిహేను విసుర్లయ్యాక మళ్లీ తుడిచాడు. ఈసారి తువ్వాలు దాదాపు తెల్లగానే వచ్చింది. కంటికి కనపడని నూనె లెక్క తువ్వాలు మీద కనపడుతుందని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక్కడ ఒక నియమం కూడా వచ్చింది. యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ 2019 ఆగస్టు 1 నుంచి పోటీ నడుస్తుండగా బంతి మీద ద్రవాలేవీ వాడకూడదంది. పొడి తువ్వాలు ఒక్కటే వాడొచ్చని చెప్పింది. పైపొరను గరుకు కాగితంతో రుద్ది మార్చుకోవాలంటే ఆట మొదలవకముందే చేసుకోవాలి.

ఎండిన లేన్ మీద ఏం చెయ్యాలి?

దీని గురించి కొంచెం తీరుబడిగా చెప్పాలి. మా వాడి లీగ్‌లో పెద్దవాళ్లు వాడికి నేర్పినవీ, వాడు నాకు చేసి చూపించినవీ ఇవి. కుడిచేతివాటం వాళ్ల లెక్కలో చెబుతున్నాను, ఎడమచేతివాళ్లు తిరగేసుకోవాలి.

మొట్టమొదట కదపాల్సినవి కాళ్లు. బంతి ఎటు తప్పితే అటే జరగాలి. కొత్తవాళ్లకు ఇది తలకెక్కదు. ఎడమకి పోతే కుడికి జరిగి సరిచెయ్యాలనిపిస్తుంది. కానీ నిలబడే చోటు ఎడమకి జరిపి, అక్కణ్నించి బంతిని కాస్త బయటికి, కుడి వైపుకు పంపితే దానికి నడుమనున్న నూనె మీద జారడానికి చోటు దొరుకుతుంది. మలుపు ఆలస్యమవుతుంది. అంచుల దగ్గర బాట అరిగిపోయినా లేన్ నడుమ నూనె ఇంకా మిగిలే ఉంటుంది. ఆ నూనెని వెతుక్కుంటూ లోపలికి పోవడమే లీగ్ రాత్రి మొత్తం నడిచే వేట. ఒకేసారి అయిదారు పలకలు జరగకుండా రెండేసి పలకలు జరిపి చూడాలి. ఒక్క విసురు చూసి నిర్ణయం తీసుకోకూడదు, అది చెయ్యి తప్పి కూడా కావచ్చు. రెండు విసుర్లు ఒకేలా తప్పితే మాత్రం మూడోదానికి ఆగకూడదు.

తర్వాత బంతి. గరుకు బంతి పొడి లేన్‌ని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి నున్నటి బంతి తియ్యాలి. పైపొర నునుపుని 500, 1000, 2000, 4000 అని అంకెల్లో చెప్తారు. అంకె పెరిగే కొద్దీ నునుపు పెరుగుతుంది, జారుడు పెరుగుతుంది. నిగనిగలాడేలా పాలిష్ చేసిన బంతి ఇంకా దూరం జారుతుంది. మరీ ఎండిపోతే స్పేర్ల కోసం, అంటే మిగిలిన పిన్నుల్ని రెండో విసురులో పడగొట్టడానికి తెచ్చుకున్న ప్లాస్టిక్ బంతితోనే మొత్తం ఆడేస్తారు. అందులో నామోషీ లేదు. తిన్నగా వెళ్లి పిన్నులు పడగొట్టే చవక బంతి, మెలితిరిగి లేన్ పక్కనున్న గాడిలో, గట్టర్లో పడే ఖరీదైన బంతి కంటే ఎప్పుడూ మేలే.

మూడోది వేగం. వేగం పెరిగితే బంతికి మెలితిరిగే వ్యవధి తగ్గుతుంది. కానీ భుజంతో తోసి వేగం తేబోతే గురి పోతుంది. నిలబడినప్పుడే బంతిని ఛాతీ ఎత్తుకి లేపి పట్టుకుంటే ఊపు దానంతటదే పెద్దదవుతుంది, వేగం దానంతటదే వస్తుంది. అడుగులు కాస్త త్వరగా వెయ్యడం కూడా పనికొస్తుంది.

నాలుగోది చెయ్యి. మణికట్టుని లోపలికి ముడిచి వదిలితే మెలి ఎక్కువ. కాస్త వెనక్కి వాలనిచ్చి, అరచేతిని బంతి వెనకే ఉంచి వదిలితే మెలి తగ్గుతుంది, బంతి ముందుకు దొర్లుతుంది. మా వాడికి ఇదే అన్నిటికన్నా కష్టమైంది. మెలితిప్పడం నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టిందట. దాన్ని వదులుకోవడం నేర్చుకోవడానికి ఇంకో ఏడాది.

ఇక చివరిది అందరూ చెయ్యగలిగేది కాదు. లేన్ ముందు భాగమే ఎండిపోతే బంతిని కింద పెట్టకుండా గాల్లో కొంచెం దూరం విసిరి ఆ పొడి చోటుని దాటించేస్తారు. రెండు చేతులతో విసిరే ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మాంటే ఎడమ గట్టర్ మీదుగా బంతిని గాల్లో దాటించి లేన్ మీదికి దించడం టీవీలో చూసినవాళ్లు మరిచిపోలేరు. అంత నేర్పు లేనివాళ్లు ప్రయత్నిస్తే లేన్ పాడవుతుంది. లేన్ యజమానులు ఊరుకోరు కూడా.

వీటన్నిట్లో నాకు నచ్చింది మొదటిదే. ఖర్చు లేదు, బలం అక్కర్లేదు. రెండు పలకలు జరగడం అంతే. అయినా మూడో గేములో ఓడేవాళ్లలో ఎక్కువమంది అదొక్కటే చెయ్యరు. మొదటి గేములో 200 కొట్టిన చోటుని వదిలి రావడానికి మనసొప్పదు మరి.

ఎడమచేతి వాటం

లేన్ ఎడమ పక్క తొక్కేవాళ్లు తక్కువ. అందుకే అక్కడ నూనె చాలాసేపు నిలుస్తుంది. ఎడమచేతివాళ్లకు ఇది అదృష్టమని కుడిచేతివాళ్లు ఎప్పుడూ అంటూంటారు. ఒకే సీజన్‌లో లక్ష డాలర్లు గెలుచుకున్న మొదటి బౌలర్ ఎర్ల్ ఆంథొనీ, 1975లో. ఆయనది ఎడమచెయ్యే. కానీ ఆయన ఆట చూసినవాళ్లెవరూ దాన్ని అదృష్టమనరు. అన్నేళ్లపాటు అదే నిలకడతో ఆడటం నూనె ఇచ్చే వరం కాదు.

900 కొట్టినా లెక్కలోకి రాలేదు

ఒక గేములో పన్నెండు స్ట్రైకులు వరసగా పడితే 300. మూడు గేముల్లోనూ అలాగే ఆడితే 900. అంటే ముప్ఫై ఆరు విసుర్లు, ముప్ఫై ఆరు స్ట్రైకులు. 1982 జులై 1న కాలిఫోర్నియాలోని లా హాబ్రాలో గ్లెన్ ఆలిసన్ ఒక లీగ్ రాత్రి ఈ పని చేశాడు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. తర్వాత అప్పటి అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ వాళ్లు వచ్చి లేన్లు పరీక్షించారు. నూనె నియమాల ప్రకారం లేదని ఆ స్కోరుని గుర్తించలేదు. విసిరింది ఆయనే, పిన్నులు పడింది నిజమే, కానీ పుస్తకంలోకి ఎక్కలేదు.

గుర్తింపు పొందిన మొదటి 900 కోసం ఇంకో పద్నాలుగేళ్లకు పైగా ఆగాల్సి వచ్చింది. 1997 ఫిబ్రవరి 2న నెబ్రాస్కాలోని లింకన్‌లో జెరెమీ సొనెన్‌ఫెల్డ్ అనే కాలేజీ కుర్రాడు దాన్ని సాధించాడు. నా మనసు మాత్రం ఆలిసన్ దగ్గరే ఆగిపోతుంది. లేన్‌కి నూనె వేసింది ఆయన కాదు. వేసినవాళ్ల లెక్క తప్పితే దాని ఖరీదు ఆయన కట్టాడు.

బకెట్లో నానిన బంతి

బంతికి లేన్ మీద పట్టు దొరకనప్పుడు ఏం చేశారో కూడా చూడాలి. 1973లో డాన్ మెక్యూన్ అనే ఆటగాడు తన ప్లాస్టిక్ బంతిని ఒక రసాయనంలో నానబెట్టి పైపొర మెత్తబడేలా చేశాడు. మెత్తటి బంతి లేన్‌ని పట్టుకుంది. ఆ ఏడాది ఆయన ఆరు టైటిళ్లు గెలిచి, ఆ సంవత్సరపు మేటి ఆటగాడయ్యాడు. తర్వాత బంతి ఎంత గట్టిగా ఉండాలో కొలిచి చెప్పే నియమం వచ్చింది. ఇప్పటికీ బంతి గట్టిదనాన్ని కొలుస్తూనే ఉన్నారు.

జంతువుల పేర్లు

అమెరికా ప్రొఫెషనల్ టూర్‌లో నూనె పూసే నమూనాలకి జంతువుల పేర్లు పెట్టారు. చిన్నవాటిలో తోడేలు, చీతా. పొడవైనవాటిలో బ్యాడ్జర్, 52 అడుగులు. బంతి ఎక్కడ మలుపు తిరగాలో తెలుసుకోవడానికి ఒక చిట్కా లెక్క ఉంది. నూనె పొడవులోంచి 31 తీసెయ్యాలి. 40 అడుగుల నూనెకి తొమ్మిదో పలక. 35 అడుగులైతే నాలుగో పలక, అంటే గట్టర్ పక్కనే. నూనె ఎంత పొట్టిగా ఉంటే అంత అంచు నుంచి ఆడాలన్నమాట. ఇది అప్పుడే పూసిన లేన్ లెక్క. మూడో గేముకి అరిగిపోయిన లేన్ మీద ఈ తీసివేత పనికిరాదు, తువ్వాలే దిక్కు.

పీఎం పాలెం పిచ్ మీద

భోగాపురం నుంచి జాతీయ రహదారి పట్టుకుని విశాఖ వైపు వెళ్తే పీఎం పాలెంలో ఏసీఏ-వీడీసీఏ స్టేడియం వస్తుంది. ఎండిన నేల మీద బౌలర్ ఏం చెయ్యాలన్న పాఠం మన వైపు ఎక్కడైనా ఉందంటే అక్కడే ఉంది.

2019 అక్టోబరులో దక్షిణాఫ్రికాతో టెస్టు. అయిదో రోజు. పిచ్ మీద బంతి పైకి లేవడం లేదు. అలాంటి నేల మీద ఫాస్ట్ బౌలర్‌కి పని ఉండదని, అంతా స్పిన్నర్లదేనని అందరూ అనుకునే సమయం. మహమ్మద్ షమీ పైకి లేపే ప్రయత్నమే మానేశాడు. ప్రతి బంతీ వికెట్లకే గురి. లేవని బంతి వికెట్లకే తగులుతుంది కదా! 35 పరుగులకి అయిదు వికెట్లు, అందులో నాలుగు క్లీన్ బౌల్డ్. భారత్ 203 పరుగుల తేడాతో గెలిచింది.

2024 ఫిబ్రవరిలో అదే మైదానంలో ఇంగ్లండ్ మీద జస్‌ప్రీత్ బుమ్రా మొదటి ఇన్నింగ్స్‌లో 45 పరుగులకి ఆరు వికెట్లు తీశాడు. పొడి, గరుకు నేల మీద పడి పడి బంతి ఒక పక్క గీరుకుపోతుంది. రెండో పక్కని ఫీల్డర్లు మెరిపిస్తూ ఉంటారు. అప్పుడది మామూలు స్వింగ్‌కి ఎదురు దిశలో తిరుగుతుంది. ఇంగ్లండ్ బ్యాటర్ ఆలీ పోప్ వికెట్లు యార్కర్‌కి ఎగిరిపోవడం చూసినవాళ్లకి ఆ బంతి ఎంత ఆలస్యంగా లోపలికి వచ్చిందో గుర్తుండే ఉంటుంది. నేల పొడి కావడాన్ని బుమ్రా శాపంగా కాకుండా సాధనంగా వాడుకున్నాడు. షమీ చేసిందీ అదే. మా వాడు రెండు పలకలు ఎడమకి జరిగి చేసిందీ అదే.

ఈజిప్టు బొమ్మ, ముక్కాం ఇసుక

జారుడు కోసం దారిని తడపడం కొత్తేం కాదు. ఈజిప్టులో జెహుతిహోటెప్ అనే అధికారి సమాధి గోడ మీద సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి బొమ్మ ఒకటి ఉంది. పెద్ద విగ్రహాన్ని చెక్క బల్లకట్టు మీద పెట్టి వందమందికి పైగా తాళ్లతో లాగుతున్నారు. బల్లకట్టు ముందు చివర ఒకడు నిలబడి దారి మీద నీళ్లు పోస్తున్నాడు. చాలాకాలం దాన్ని పూజ అనుకున్నారు. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూస్తే, ఇసుకని సరైన పాళ్లలో తడిపితే లాగాల్సిన బలం సగానికి తగ్గుతుందని తేలింది. పొడి ఇసుక బల్లకట్టు ముందు కుప్పపడి అడ్డుకుంటుంది, తడి ఇసుక గట్టిపడి దారిస్తుంది.

భోగాపురం మండలంలోనే ఉన్న ముక్కాం తీరానికి సాయంత్రం పూట వెళ్లండి. పిల్లలు బంతాట ఆడేది అల తాకి వెనక్కి పోయిన తడి ఇసుక మీదే. అక్కడ బంతి లేస్తుంది, దొర్లుతుంది. పైన పొడి ఇసుకలో పడితే అక్కడే కూరుకుపోతుంది. ఆ పిల్లలకి ఎవరూ చెప్పలేదు, కాళ్లకే తెలుసు.

గాలిలో తడి

లేన్‌కి ముందు ఆటగాడు నడిచే జాగాని అప్రోచ్ అంటారు. కనీసం 15 అడుగులు. దాని మీద నూనె ఉండదు, ఉండకూడదు. చివరి అడుగులో బూటు కొంచెం జారాలి. గాలిలో తేమ ఎక్కువైతే ఆ జాగా జిగురుగా తయారవుతుంది, బూటు పట్టేస్తుంది, మనిషి ముందుకు తూలతాడు. సముద్రం పక్కనున్న ఊళ్లలో ఆడేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. లేన్ ఎండిందా అని చూసే ముందు కాలి కింద నేల తడిసిందా అని ఒకసారి బూటుతో రాసి చూసుకోవాలి. తడి బూటుతో బయటికెళ్లొచ్చి అలాగే అప్రోచ్ ఎక్కడం మోకాళ్లకి ప్రమాదం.

మూడు వేల ఎనిమిది వందల మీటర్లు

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కట్టిన అంతర్జాతీయ విమానాశ్రయం రన్‌వే పొడవు 3.8 కిలోమీటర్లు. బౌలింగ్ లేన్లని, ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ దాకా మాత్రమే లెక్కేసి, ఒకదాని వెనక ఒకటి పేరిస్తే దాని మీద రెండు వందల ఏడు పడతాయి. అక్కడ చక్రానికి పట్టు కావాలి, లేన్ మీద బంతికి జారుడు కావాలి. ఒక్క ఊరి మాటల్లోనే రెండూ చెప్పుకోవాల్సి వస్తుందని పదేళ్ల కిందట నేను అనుకోలేదు.

మా వాడికి వచ్చే నెల మళ్లీ లీగ్ మొదలవుతుంది. మీ ఇంట్లోనూ డాలస్‌లోనో, హైదరాబాద్‌లోనో, విశాఖ మాల్‌లోనో ఈ ఆట ఆడే పిల్లలుంటే వాళ్లకి ఒక్క మాట చెప్పండి. మొదటి బంతి విసిరే ముందు కౌంటర్ దగ్గరికి వెళ్లి, ఈ లేన్‌కి నూనె ఎప్పుడు వేశారని అడగమనండి. సంచిలో ఒక తెల్లటి తువ్వాలు పెట్టుకోమనండి.